కుళ్ళడం వేరు, మాగడం వేరు

ఉద్యోగం పోయిన పన్నెండో రోజున, ఖాళీ పెయింట్ బకెట్ ఒకటి కడిగి అందులో వంటింటి చెత్త వెయ్యడం మొదలుపెట్టాను.

ఈ రెండింటికీ ఏం సంబంధం అని మీరు అడగొచ్చు. అప్పట్లో నాకూ తెలీదు. రోజంతా ఇంట్లోనే ఉండేసరికి, ఒక్క మనిషికి ఎంత చెత్త తయారవుతుందో మొదటిసారి కళ్ళారా చూశాను. పొద్దున్నే చెత్త ఆటో పాట వినిపించేసరికి నా డబ్బా నిండి ఉండేది. ఫోన్‌లో ఎవరో బాల్కనీలో కంపోస్టు చేస్తున్న రీల్ చూశాను. నలభై సెకన్లలో తొక్కలు నల్లటి మట్టి అయిపోయాయి. ఇంతేనా, ఇది మనమూ చెయ్యొచ్చు కదా అనుకున్నాను. రోజుకి ఒక్క పనైనా పూర్తి చేశానని అనిపించాలి, అదే నా బాధ.

2023 మార్చి. సోమవారం పదకొండింటికి పదిహేను నిమిషాల మీటింగ్ ఇన్వైట్ వచ్చింది. అందులో మా మేనేజరు, హెచ్ఆర్ నుంచి నేనెప్పుడూ చూడని ఒకావిడ ఉన్నారు. పదకొండూ ఇరవైకల్లా నా లాప్‌టాప్‌లో మెయిల్ తెరుచుకోవడం మానేసింది. రెండు నెలల జీతం ఇచ్చారు. మర్యాదగానే మాట్లాడారు. కంపెనీ పేరెందుకు లెండి, ఆ ఏడాది చాలామందికి జరిగిందే నాకూ జరిగింది.

ఇంట్లో మాత్రం చెప్పలేదు.

మాది రేపల్లె దగ్గర పల్లెటూరు. నాన్నకి రెండెకరాల సొంత పొలం, ఇంకో మూడెకరాల కౌలు. సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు నానమ్మ కళ్ళు మసకబారాయని అమ్మ చెబితే, "హైదరాబాద్‌లో చేయిద్దాం, ఆపరేషన్ ఖర్చంతా నాది" అని అందరి ముందూ గొప్పగా చెప్పాను. ఆ మాట అన్నాక రెండు నెలలకి ఈ ముచ్చట. ఇంకో ఉద్యోగం దొరికాక నవ్వుతూ చెప్పొచ్చులే అనుకున్నాను. రోజూ రాత్రి నాన్న ఫోన్ చేస్తే, "పనెక్కువగా ఉంది నాన్నా" అనేవాణ్ణి. ఆ ముక్క అంటే చాలు, ఆయన పెట్టేసేవాడు, నాకు ఇబ్బంది కలక్కూడదని.

*

బకెట్ సంగతికి వద్దాం. మొదటి వారం బాగానే ఉంది. అరటి తొక్కలు, బెండకాయ ముచ్చికలు, టీ పొడి, పుచ్చకాయ చెక్కలు, మిగిలిపోయిన సాంబారు అన్నం, అన్నీ వేశాను. పైన మూత సగం వేసి ఉంచాను. రెండో వారానికి వాసన మొదలైంది. మూడో వారానికి అడుగున నల్లటి నీళ్ళు చేరాయి. ఒక రోజు మూత తీసి చూస్తే లోపల పురుగులు. ఒకటీ రెండూ కాదు, బకెట్ మొత్తం కదులుతోంది.

నాకు ఒళ్ళు జలదరించింది. వెతికితే తెలిసింది, అవి బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ పిల్లలని. నిజానికి అవి మంచివే. ఆ ఈగ పెద్దయ్యాక మన అన్నం మీద వాలదు, కుట్టదు. దాని పిల్లలు మాత్రం కుళ్ళిన తిండిని మనకంటే వేగంగా ఖాళీ చేస్తాయి. కోళ్ళకీ చేపలకీ మేతగా వీటిని పనిగట్టుకుని పెంచేవాళ్ళున్నారు. అంతా బాగానే ఉంది. కానీ ఆ వ్యాసంలో చివర్లో ఉన్న ఒక వాక్యం నేను సరిగ్గా చదవలేదు. ఎదిగిన పురుగు పొడి చోటు వెతుక్కుంటూ బయటికి పాకిపోతుందిట.

పాకింది. మా బాల్కనీ దాటి, కింది ఫ్లోర్ ఆంటీ ఆరేసుకున్న చీరల మీద పడింది. ఒక్కటి కాదు, ఆరేడు.

ఆవిడ పైకొచ్చి నన్ను తిట్టినా బాగుండేది. ఫోటో తీసి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టింది. కింద మా ఫ్లాట్ నంబర్, పక్కన ఒక ప్రశ్నార్థకం. తర్వాత ముప్ఫై ఏడు మెసేజ్‌లు. నేను అందరికీ సారీ చెప్పి, మూత గట్టిగా బిగించి, దాని మీద ఇటుక పెట్టి, ఇక తెరవడం మానేశాను. మా ఫీల్డ్‌లో దీన్ని బాగా ఎరుగుదుం. ఎర్రర్ కనిపించకుండా చేస్తే ఎర్రర్ పోయినట్టే అనుకోవడం.

*

ఏప్రిల్ మధ్యలో నాన్న నానమ్మని తీసుకొచ్చాడు. మొక్కజొన్న కోతకొచ్చింది, అమ్మేమో గేదెల్ని వదిలి రాలేదు. అందుకని ఆపరేషన్ అయిన మర్నాడే నాన్న బస్సెక్కేశాడు. ఇరవై రోజులు నానమ్మా నేనూ. రోజుకి ఆరుసార్లు కంట్లో చుక్కలు వెయ్యాలి. వంగకూడదు, దుమ్ము తగలకూడదు, తలకి నీళ్ళు పోసుకోకూడదు. ఆపరేషన్ చేసిన కంటికి నల్లద్దాలు, రెండో కంటికి ఎటూ మసకే.

ఖర్చు నా పీఎఫ్ డబ్బులు, ఆ రెండు నెలల జీతంలోంచి కట్టాను. దాని గురించి బాధ లేదు. బాధంతా నటనతోనే. పొద్దున తొమ్మిదిన్నరకి చొక్కా వేసుకుని, హెడ్‌సెట్ పెట్టుకుని, బెడ్‌రూమ్‌లో కూర్చునేవాణ్ణి. "ఆఫీసు పని ఇంటి నుంచే నానమ్మా" అని చెప్పాను. మధ్యమధ్యలో ఎవరూ లేని కాల్‌లో గట్టిగా మాట్లాడేవాణ్ణి. "యా, విల్ చెక్ అండ్ అప్‌డేట్" అని. మిగతా టైమంతా ఉద్యోగాల సైట్లు చూస్తూ, రిజెక్ట్ మెయిల్స్ చదువుకుంటూ.

మూడో రోజు సాయంత్రం నానమ్మ హాల్లో కూర్చుని ముక్కు ఎగబీల్చింది.

"ఒరేయ్ అబ్బాయ్, ఎక్కడో ఏదో చచ్చిందిరా."

"చెత్త బకెట్ నానమ్మా. ఎరువు చేద్దామని వేశాను."

"ఎరువా?" అని కాసేపు ఆగింది. "ఎరువు వాసన నాకు తెలీదూ? ఇది కుళ్ళింది. మాగలా."

ఆ రెండు మాటలకీ తేడా ఏంటో నాకు అప్పటిదాకా తెలీదు. ఇంజనీరింగ్‌లో బయాలజీ లేదు కదా అని సర్దిచెప్పుకున్నాను. కానీ నానమ్మ బడికే వెళ్ళలేదు.

*

బాల్కనీ గుమ్మం లోపల కుర్చీ వేయించుకుని కూర్చుంది. దుమ్ము పడకుండా కళ్ళద్దాల మీంచి చీర కొంగు కప్పుకుంది. బకెట్ దగ్గరికి నేనే, చూసేదీ చేసేదీ నేనే. ఆవిడ ముక్కుతో, చెవులతో పని చెప్పింది.

"మూత ఎందుకు బిగించావురా?"

"వాసన రాకుండా."

"వాసన వచ్చిందే బిగించినందుకు. మూత తియ్యి ముందు."

తీస్తే కుళ్ళిన కోడిగుడ్డు వాసన. నేను రెండడుగులు వెనక్కి వేశాను. ఆవిడ కదల్లేదు.

తర్వాత నేను చదివి తెలుసుకున్నది ఇదీ. చెత్తని తినేది మనకి కనపడని సూక్ష్మజీవులు. అందులో రెండు రకాలు. గాలి ఉంటే బతికేవి, గాలి లేకపోయినా బతికేవి. గాలి ఆడితే మొదటి రకం పని చేస్తుంది. అవి మన లాగే ఆక్సిజన్ పీల్చి, కార్బన్ డయాక్సైడ్, నీరు, వేడి వదులుతాయి. వాసన పెద్దగా ఉండదు. గాలి ఆడకపోతే రెండో రకం ఎక్కువైపోతుంది. అవి మీథేన్, హైడ్రోజన్ సల్ఫైడ్, పుల్లటి కంపు కొట్టే ఆమ్లాలు తయారుచేస్తాయి. నేను పెట్టిన ఇటుక సరిగ్గా ఆ పనే చేసింది.

మన ఊళ్ళ చెత్తకుప్పల్లో జరుగుతున్నదీ ఇదే. మన మునిసిపాలిటీల చెత్తలో దాదాపు సగం తడి చెత్తే. దాన్ని ప్లాస్టిక్ కవర్లో మూటకట్టి పడేస్తే, ఆ మూట జవహర్‌నగర్ లాంటి డంపు యార్డులో గుట్ట అడుగుకి చేరుతుంది. గాలి అందదు. మీథేన్ పుడుతుంది. వందేళ్ళ లెక్కన చూస్తే, భూమిని వేడెక్కించడంలో అది అదే బరువు కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 28 రెట్లు బలమైనది. తడి చెత్త, పొడి చెత్త వేరు చెయ్యాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు చెప్పింది ఊరికే కాదు. ఆ నిబంధన గురించి మా గ్రూపులో నెలకోసారి మెసేజ్ వచ్చేది. నేనూ బొటనవేలు గుర్తు పెట్టి వదిలేసేవాణ్ణి.

"బకెట్‌కి బెజ్జాలు ఉన్నాయా?" అంది నానమ్మ.

లేవు. కింది వాచ్‌మన్ దగ్గర డ్రిల్లు తెచ్చి, అడుగున, చుట్టూతా ముప్ఫై దాకా పెట్టాను. కింద ఒక పళ్ళెం.

"ఆకులేవి?"

"ఏం ఆకులు?"

"ఎండాకులురా. ఒట్టి పచ్చి తిండి వేస్తే కుళ్ళక ఏం చేస్తుంది? మా గొడ్ల చావిట్లో పేడ తీస్తే, దాంతో పాటు గొడ్డు తొక్కిన గడ్డి, ఊడ్చిన ఆకులు, పొయ్యిలో బూడిద, అన్నీ దిబ్బ మీదకే పోయేవి. ఉత్త పేడ ఎవరన్నా వేస్తారా?"

అప్పుడు కిందికి వెళ్ళాను. మా రోడ్డు పొడుగునా కానుగ చెట్లు. ఎండలకి ఆకు రాల్చి ఉన్నాయి. ఊడ్చి కుప్పలు పెట్టారు, సాయంత్రానికి ఎవరో తగలబెట్టేస్తారు. రెండు బియ్యం సంచుల్లో నింపుకుని లిఫ్ట్ ఎక్కుతుంటే చీరల ఆంటీ ఎదురైంది. సంచుల్లోకి చూసింది, నా మొహంలోకి చూసింది, ఏమీ అనలేదు.

నానమ్మ చెప్పినదాన్నే పుస్తకాలు కార్బన్, నైట్రోజన్ నిష్పత్తి అంటాయి. సూక్ష్మజీవికి కార్బన్ బువ్వ, నైట్రోజన్ ఒళ్ళు పెంచే పప్పు. 25 నుంచి 30 పాళ్ళ కార్బన్‌కి ఒక పాలు నైట్రోజన్ ఉంటే వాటి పని చక్కగా సాగుతుంది. వంటింటి చెత్తలో ఆ కార్బన్ సుమారు 15, 20 పాళ్ళే. ఎండుటాకుల్లో 40 నుంచి 80 దాకా. రెండూ కలిస్తే సరిపోతుంది. లెక్కలు వద్దనుకుంటే ఒకే ఒక్క సూత్రం: గిన్నెడు తడి చెత్తకి రెండు గిన్నెల ఎండుటాకులు. ఆకులు దొరక్కపోతే రంపపు పొట్టు, కొబ్బరి పీచు, చింపిన అట్టపెట్టెలు. ఆన్‌లైన్ షాపింగ్ చేసే మన ఇళ్ళల్లో అట్టపెట్టెలకి కరువా?

నానమ్మ ఇంకో రెండు మాటలు చెప్పింది. ఒకటి, ఎక్కడన్నా చెట్టు కింద మట్టి గుప్పెడు తెచ్చి కలపమని. పెరుగుకి తోడు వేసినట్టనమాట. రెండోది తడి సంగతి. "పిడికిట్లో పట్టి పిండు. ముద్ద కట్టాలి, నీళ్ళు కారకూడదు." ఆ పిడికిలి లెక్కకి శాస్త్రం పెట్టిన అంకె 50 నుంచి 60 శాతం తేమ.

సాంబారు అన్నం, నూనె కూరలు, పాలు, మాంసం ఇంత చిన్న బకెట్‌లో వెయ్యకూడదని కూడా ఆ రోజే తెలిసింది. అవే ఈగల్ని పిలుస్తాయి. తొక్కల్ని పెద్దవి పెద్దవిగా పడేస్తే ఆలస్యం. ముక్కలు చేస్తే సూక్ష్మజీవులకి తినడానికి ఎక్కువ అంచులు దొరుకుతాయి.

అంతా కలిపి, పైన ఆకులు కప్పి, మూత బదులు పాత నూలు పంచె ముక్క కట్టాను. రెండు రోజుల్లో కంపు పోయింది. నిజంగానే పోయింది. నాకు నమ్మబుద్ధి కాలేదు. చెయ్యి పెట్టి చూస్తే వెచ్చగా ఉంది.

*

ఆ వెచ్చదనం గురించి చెబుతాను, నాకు అన్నిటికంటే నచ్చిన భాగం అదే.

చెత్త ఎరువవడం ఒకరు చేసే పని కాదు, షిఫ్టుల్లో జరిగే పని. మొదటి షిఫ్టు, మనకి హాయిగా ఉండే వేడిలో, అంటే 20 నుంచి 40 డిగ్రీల్లో బతికే బ్యాక్టీరియాది. తేలిగ్గా అరిగే చక్కెర, పిండి పదార్థాలు వీటి వాటా. తింటున్న కొద్దీ వేడి పుడుతుంది. కుప్ప పెద్దదైతే ఆ వేడి లోపలే నిలిచి 45 డిగ్రీలు దాటుతుంది. అక్కడికి మొదటి బ్యాచ్ తప్పుకుని, వేడిని ఇష్టపడే రెండో బ్యాచ్ దిగుతుంది. కుప్ప నడిమధ్యన 55, 60, కొన్నిసార్లు 65 డిగ్రీలు. ఆ వేడి కొన్ని రోజులు నిలిస్తే రోగాలు తెచ్చే క్రిములూ, కలుపు గింజలూ చచ్చిపోతాయి. 70 దాటితే ఆ వేడి బ్యాచ్‌కీ కష్టమే. అందుకే కుప్పని తిరగేస్తుండాలి.

తినడానికి తేలికైనవి అయిపోయాక వేడి తగ్గుతుంది. అప్పుడు బూజులు, ఆక్టినోమైసీట్లు అనే మరో రకం బ్యాక్టీరియా వస్తాయి. ఆకు ఈనెలు, పుల్లలు, పీచు లాంటి మొండి సరుకంతా వీటి పని. చివర్లో చిన్న చిన్న పురుగులు, నేల మీది కుప్పయితే వానపాములు. పూర్తయిన కంపోస్టు ఒక్క గ్రాములో వంద కోట్ల దాకా బ్యాక్టీరియా ఉండొచ్చు.

నా బకెట్ చిన్నది. అందులో పుట్టిన వేడి పక్కల్నుంచి పోతుంది. 60 డిగ్రీలు రావాలంటే పొడవు, వెడల్పు, ఎత్తు తలా ఒక మీటరు ఉండే కుప్ప కావాలి. ఈ మాట చెబితే నానమ్మ నవ్వింది. "చలికాలం తెల్లారుజామున మన దిబ్బ పొగలు కక్కేది. మీ నాన్న చిన్నప్పుడు అందులో చెయ్యి పెట్టి వెచ్చగా ఉందని గంతులేసేవాడు."

1931లో ఆల్బర్ట్ హోవార్డ్ అనే ఇంగ్లిష్ శాస్త్రవేత్త, ఇండోర్‌లో తనతో పనిచేసిన యశ్వంత్ వాడ్‌తో కలిసి ఇదంతా పుస్తకంగా రాశాడని చెప్పాను. పొరలు పొరలుగా చెత్తా పేడా పేర్చడం, తిరగేయడం, మూడు నెలల్లో ఎరువు తీయడం. ఇండోర్ పద్ధతి అని ప్రపంచమంతా దానికి పేరు.

"మంచోడే. రాసి పెట్టాడు" అంది నానమ్మ. "మేం రాసుకోలా."

*

ఆపరేషన్ అయిన తొమ్మిదో రోజు. మధ్యాహ్నం. నేను హెడ్‌సెట్ తీసి బయటికొచ్చి, బకెట్ కలియబెడుతున్నాను. నానమ్మ గుమ్మం లోపల కుర్చీలో ఉంది.

"ఉజ్జోగం పోయి ఎన్నాళ్ళయిందిరా?"

చేతిలో కర్ర ఆగిపోయింది. లేదని చెబుదామనే నోరు తెరిచాను. "నలభై రోజులు" అన్నాను.

"ఎలా తెలిసింది నానమ్మా?"

"కళ్ళు కనపడకపోతే చెవులు పనిచేస్తాయిగా. ఫోన్లో మాట్లాడేవాడు ఎదుటోడు చెప్పేదాకా ఆగుతాడు. నువ్వు ఆగవేందిరా?"

నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడ్చాను. ఆవిడ లేచి రాలేదు, వంగకూడదు కదా. "ఏడువు" అని ఊరుకుంది.

కాసేపయ్యాక ఆవిడే మొదలుపెట్టింది. 1977 ఉప్పెన సంగతి. నవంబర్ 19. మా వైపు వాళ్ళకి ఆ తేదీ చెబితే చాలు. సముద్రం పొలాల మీద నుంచి పోయింది. మా తాత పొలంలో చేతికొచ్చిన వరి పోయింది, పశువులు పోయాయి, నేల ఉప్పుబట్టింది. నాన్నకి అప్పుడు ఆరేళ్ళు. ఇదంతా నేను చిన్నప్పటి నుంచీ విన్నదే. వినని ముక్క ఒకటుంది.

"మీ తాత ఆ నేలని మళ్ళీ దారికి తేవాలని జనుము చల్లాడు, జీలుగ చల్లాడు, దున్నేశాడు. ఎక్కడెక్కడి పెంటో కొని బండ్లతో తోలాడు. అన్నీ అప్పులే. నాకు చెప్పలా. మూడేళ్ళు చెప్పలా. నేను అడిగితే, అంతా బానే ఉంది అనేవాడు. తెలిసేసరికి కాలవ పక్క ఎకరం రాసిచ్చేశాడు. నా మెళ్ళో నాలుగు కాసుల గొలుసుందిరా. పెట్టెలో గాజులున్నాయి. చెబితే ఇచ్చేదాన్ని కాదూ? ఎకరం నిలిచేది."

ఆ ఎకరం ఇప్పటికీ మా పొలం పక్కనే ఉంది. వేరేవాళ్ళది. నాన్న ఆ గట్టు మీద నడిచేటప్పుడు అటు చూడడు. అలవాటేమో అనుకునేవాణ్ణి.

"మీ తాత చెడ్డోడు కాదు. నన్ను బాధపెట్టకూడదనుకున్నాడు. బాధ తప్పిందా మరి?" అంది. తర్వాత ఒక్క మాట. "మీ నాన్నకి నేను చెప్పను. నువ్వే చెప్పు. నా చుక్కల టైమయింది చూడు."

*

ఆ రాత్రి డాబా మీదకెళ్ళి నాన్నకి ఫోన్ చేశాను. చెప్పాల్సిన మాటలు నోట్స్‌లో టైప్ చేసుకుని వెళ్ళాను, మీటింగ్‌కి వెళ్ళినట్టు. అదేం పనికిరాలేదు. "నాన్నా, ఉద్యోగం పోయింది" అన్నాను అంతే.

అవతల చాలాసేపు ఏమీ వినపడలేదు. కుక్క మొరగడం, ఎక్కడో మోటారు శబ్దం.

"అమ్మకి చుక్కలు టైముకి వేస్తున్నావా?" అన్నాడు.

"వేస్తున్నా."

"తినడానికి ఉందా? డబ్బులు పంపనా?"

"ఉంది నాన్నా."

మళ్ళీ కాసేపు ఆగాడు. "మొక్కజొన్న కోసి కళ్ళంలో పోస్తే వాన పడిందిరా. సగం తడిసింది. నువ్వు పనిలో ఉంటావని చెప్పలా."

ఇద్దరం కాసేపు అలాగే ఫోన్ పట్టుకుని ఉన్నాం. నేను రోజూ "పనెక్కువ" అంటుంటే, ఆయన రోజూ "అంతా బానే ఉంది" అంటున్నాడు. తాత నుంచి మాకు పొలంతో పాటు ఇదీ వచ్చిందని అప్పుడు అర్థమైంది.

ఆ నెల నుంచి మా ఇంట్లో లెక్కలన్నీ బయట పెట్టుకున్నాం. నేను వన్ బీహెచ్‌కే ఖాళీ చేసి, ఫ్రెండ్‌తో కలిసి అదే అపార్ట్‌మెంట్‌లో వేరే ఫ్లాట్‌లోకి మారాను. కారు కొందామని కట్టిన అడ్వాన్సు వెనక్కి తెచ్చుకున్నాను. నాన్న కౌలు పొలం మూడెకరాల్లో ఒకటి వదిలేశాడు. ఇవేవీ సంతోషంగా చేసినవి కావు. కానీ ఎవరం ఒక్కళ్ళమే మోయలేదు.

*

నానమ్మ మే మొదట్లో ఊరెళ్ళిపోయింది. బకెట్ నాతో పాటు కొత్త ఫ్లాట్‌కి వచ్చింది. రెండు రోజులకోసారి కలియబెట్టడం, ఎండలకి ఆరిపోతే నీళ్ళు చిలకరించడం. జూన్ నెలాఖరుకి అందులో తొక్కలెక్కడో ఆకులెక్కడో తెలీలేదు. నల్లగా, పొడిపొడిగా ఉంది. నిండా వేసిన చెత్త మూడోవంతుకి దిగిపోయింది.

పిడికెడు తీసి వాసన చూశాను. తొలకరి వాన వాసన.

ఆ వాసనకి ఒక పేరుంది, జియోస్మిన్. ఇందాక చెప్పిన ఆక్టినోమైసీట్లు తయారుచేసేదే అది. లక్ష కోట్ల పాళ్ళ నీళ్ళలో పది పాళ్ళున్నా మన ముక్కు పట్టేస్తుంది. అదే జాతి సూక్ష్మజీవుల నుంచి మనకి మందులూ వచ్చాయి. 1943లో క్షయకి స్ట్రెప్టోమైసిన్ అలా దొరికిందే. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనలకి నాయకత్వం వహిస్తున్నప్పుడు, అక్కడి బెంజమిన్ డగ్గర్ ఒక మట్టి నమూనాలోంచి ఇలాంటి జీవినే పట్టుకున్నారు. దాన్నుంచి తీసిన ఆరియోమైసిన్ 1948లో బయటికొచ్చింది. టెట్రాసైక్లిన్ మందుల్లో మొదటిది అదే.

నానమ్మకి వీడియో కాల్ చేసి బకెట్ చూపించాను. "ఫోన్లో వాసన రాదుగా, ఎట్టా చెప్పను?" అంది. "వేడి పూర్తిగా తగ్గిందా? తగ్గకుండా మొక్కకి వేస్తే వేరు మాడిపోద్ది. ఇంకో పదిహేను రోజులు ఉంచు."

ఉంచాను. అది కూడా నిజమే. సగం మాగినదాన్ని వేస్తే, సూక్ష్మజీవులు తమ మిగిలిన పని కోసం మట్టిలోని నైట్రోజన్‌ని లాగేసుకుంటాయి, మొక్క పసుపుబారుతుంది.

జూలైలో జల్లెడ పట్టి, రెండు కవర్లలో నింపాను. ఒకటి పట్టుకెళ్ళి చీరల ఆంటీ తలుపు కొట్టాను. ఆవిడ కవర్ వాసన చూసి, "ఇదా ఆ బకెట్?" అంది. వాళ్ళ కరివేపాకు మొక్కకి వేసింది. సెప్టెంబరులో గ్రూపులో ఆ మొక్క ఫోటో పెట్టింది. ఈసారి ప్రశ్నార్థకం లేదు. ఇప్పుడు మా బ్లాకులో నాలుగు బకెట్లున్నాయి. ఎండాకుల కోసం పోటీ కూడా ఉంది.

ఆగస్టులో నాకు ఉద్యోగం దొరికింది. పాత జీతం కంటే తక్కువ. ఇంటర్వ్యూలో, "ఈ ఐదు నెలల గ్యాప్‌లో ఏం చేశారు?" అని అడిగారు. నానమ్మ ఆపరేషన్, కంపోస్టు అని ఉన్నదున్నట్టు చెప్పాను. ప్యానెల్‌లో ఒకాయన అరగంట వాసన ఎలా పోతుందో అడిగాడు. ఉద్యోగం అందుకే ఇచ్చారని చెప్పను. కానీ ఆ ఐదు నెలల్లో ఇరవై ఇంటర్వ్యూలు ఇచ్చిన నేను, గొంతు వణక్కుండా మాట్లాడింది ఆ అరగంటే.

డిసెంబరులో రెండో కంటి ఆపరేషన్‌కి నానమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి ఖర్చు సగం నాది, సగం నాన్నది. పట్టీ విప్పిన మర్నాడు నల్లద్దాలు పెట్టుకుని, గోడ పట్టుకుని మెల్లగా బాల్కనీ గుమ్మం దాకా వచ్చింది. నా బకెట్‌ని ఆవిడ సరిగ్గా చూడడం అదే మొదటిసారి. పైనుంచి కిందిదాకా చూసింది.

"ఇంతేనా?" అంది. "ఆ కంపుకి ఎంత పెద్దదో అనుకున్నా."